సగం చూపిన ముల్లు

పడవల యార్డులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చిన్నా పెద్దా అందరికీ ఆమె ముల్లక్క. గేజిలో ముల్లు మొండికేస్తే దాన్ని కదిలించగలిగింది తానొక్కతే కాబట్టి ఆ పేరొచ్చిందని ఆమె చెప్పుకునేది. ఆమె మాట ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ వారం రోజులు సలుపుతుంది కాబట్టి వచ్చిందని మిగతావాళ్ళు చెప్పుకునేవాళ్ళు. రెండూ నిజమే.

ఆమె తండ్రి కూడా అదే యార్డులో కరెంటు పని చేసేవాడు. యాభై దాటకుండానే ఆయన కళ్ళు మసకబారాయి. పడవ అడుగున వేళ్ళాడే వైర్లలో ఎర్రదేదో గులాబీదేదో తేల్చుకోలేక, పంతొమ్మిదేళ్ళ కూతుర్ని వెంట తీసుకువెళ్ళడం మొదలుపెట్టాడు. మొదట్లో ఆమె పని రంగులు చదవడమే. రెండేళ్ళు తిరిగేసరికి రిజిస్టరులో పేరు తండ్రిది, పని కూతురిది అయింది. ఆయన పూర్తిగా మానేసిన రోజున యజమాని గడ్డం గోక్కుని, "మగపిల్లవాడు ఎవరైనా దొరికేదాకా తాత్కాలికంగా ఉండమ్మా" అన్నాడు. ఆ తాత్కాలికం ఇరవై తొమ్మిదేళ్ళు నడిచింది.

తమ్ముడు ఆమెకన్నా పదకొండేళ్ళు చిన్న. వాడికి పని నేర్పింది ఆమే. రాగి పోగులు గోటితో ఎలా విడదీయాలి, జాయింటు మీద టేపు ఎంత బిగువుగా లాగాలి, చుట్టడం అయ్యాక టేపు కొసను గోరంత మేర వెనక్కి ఎందుకు మడవాలి, అన్నీ. ఆ మడత తండ్రి అలవాటు. "రేపెవడో విప్పాల్సి వస్తుంది. వాడి గోరు విరగ్గొట్టకు" అనేవాడు ఆయన. తమ్ముడికి చెయ్యి బాగానే తిరిగింది, నోరు అంతకన్నా బాగా తిరిగింది. పడవల సొంతదారులతో నవ్వుతూ మాట్లాడేవాడు, ఆలస్యమైతే సర్దిచెప్పేవాడు, పేర్లూ పిల్లల పేర్లూ గుర్తుపెట్టుకునేవాడు. పనిలో చేరిన పదేళ్ళకే సూపర్‌వైజరయ్యాడు. మేడ మీద అద్దాల గది ఇచ్చారు. ఆ రోజు ముల్లక్క మోకాళ్ళ మీద కూర్చుని ఎవరిదో బ్యాటరీ పెట్టె తుడుస్తోంది. "మీ తమ్ముడు మీ పైవాడయ్యాడటగా" అని ఎవరో అంటే, "నా భుజాలెక్కితే వాడు నా పైవాడు కాకేమవుతాడు" అంది. నవ్వుతూనే అంది. విన్నవాళ్ళు కూడా నవ్వారు.

ఇంట్లో ఆమె భర్త తెరచాపలు కుట్టే మనిషి. యార్డు పక్క సందులో పొడుగాటి గది, నేలంతా పరుచుకున్న తెల్లటి గుడ్డ, ఒక మూల గుంటలో దింపిన కుట్టు మిషను. రోజుకు ఇరవై మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన వంతు మాటలు కూడా ఆమే మాట్లాడేది కాబట్టి కాపురానికి లోటు రాలేదు.

పళ్ళ డాక్టరు పడవ వాళ్ళ యార్డుకు పన్నెండేళ్ళుగా వస్తోంది. చిన్న తెరచాప పడవ, ఒక చిన్న డీజిల్ ఇంజను. గాలి ఉన్నప్పుడు తెరచాప, రేవులోకి వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఇంజను. ఆయన వారమంతా జనం నోళ్ళలోకి చూసి చూసి, ఆదివారం అయ్యేసరికి ఏ నోరూ లేని చోటుకి పోవాలనుకునే మనిషి. అయినా భార్యను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు.

ఆ పడవలో డీజిల్ గేజి వైరింగు ముల్లక్క చేతి మీదుగా జరిగిందే. విషయం పెద్దదేం కాదు. ట్యాంకులో ఒక బెండు తేలుతుంటుంది. బెండుకొక సన్నటి చేయి. బెండు పైకి లేస్తే ఆ చేయి రెసిస్టెన్స్ పెంచుతుంది, కిందికి దిగితే తగ్గిస్తుంది. ఒక వైరు ఆ సంగతి గేజికి మోస్తుంది. ఇంకో వైరు, ఎర్త్ వైరు, తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. రెసిస్టెన్స్ ఎక్కువైతే ముల్లు నిండు వైపు, తక్కువైతే ఖాళీ వైపు. అంతే. కాకపోతే ఉప్పునీటి మీద బతికే వస్తువు కాబట్టి, ఎర్త్ వైరును మధ్యలో ఎక్కడా కోయకుండా ఒకే ముక్కగా బ్యాటరీ దాకా తీసుకుపోయింది. జాయింటు ఎంత తక్కువైతే జబ్బు అంత తక్కువని ఆమె నమ్మకం.

ఇంకో నమ్మకం కూడా ఉంది. ముల్లు ఏం చెప్పినా సరే, ట్యాంకు మూత తీసి ఒక కర్ర ముంచి తడి ఎంతదాకా ఉందో చూడాలి. "ముల్లు చెప్పేది చాడీ, కర్ర చెప్పేది సాక్ష్యం" అని కొత్తగా చేరినవాళ్ళందరికీ చెప్పేది. వినీ వినీ వాళ్ళు ఆమె గొంతును అనుకరించి నవ్వుకునేవాళ్ళు.

ఆ ఏడాది చలికాలం పోయి, ఒడ్డున పెట్టిన పడవలన్నీ నీళ్ళలోకి దిగే సమయం వచ్చింది. ఒకేరోజు ఎనిమిది పడవలు తనిఖీ చేయాలి. పళ్ళ డాక్టరు పడవ ఏడోది. అప్పటికి ఆమె మోకాళ్ళు రెండూ మాట వినడం మానేశాయి. మెట్లు దిగి లోపలికి వంగి తాళం తిప్పింది. ముల్లు లేచి ముప్పాతిక దగ్గర నిలబడింది. పైన గట్టు మీద తమ్ముడు నిలబడి ఉన్నాడు.

"ట్యాంకు నింపారా?" అని అడిగింది.

"నింపే ఉంటార్లే అక్కా. దీంట్లో నువ్వు చూడాల్సిందేం లేదు. చలికాలంలో నీళ్ళు తోడే పంపు మార్చాం, నేనే దగ్గరుండి చూశాను. కానియ్."

తమ్ముడు దగ్గరుండి చూశానన్నాడు. ఆమె నేల పలకలు ఎత్తలేదు. కర్ర ముంచలేదు. రిజిస్టరులో సంతకం పెట్టి ఎనిమిదో పడవలోకి దిగింది.

ఆరో వారంలో డాక్టరు పడవ రేవు ముఖద్వారం దగ్గర ఆగిపోయింది. తెరచాపలు అప్పటికే దించేశారు. పక్కగాలి గట్టిగా ఉంది. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. డాక్టరు గేజి చూశాడు, ముల్లు సగం చూపిస్తోంది. డీజిల్ ఉందిగా, ఇంకేదో చెడిందనుకుని ఇంజను మూత విప్పి వెతుకుతూ కూర్చున్నాడు. ఖాళీ అయిందని తెలిసుంటే లంగరు వేసేవాడు, లేదా తెరచాప మళ్ళీ ఎత్తేవాడు. ఆ వెతుకులాటలోనే పడవ కొట్టుకుపోయి రాళ్ళ కట్ట దగ్గరికొచ్చేసింది. పడవ రాళ్ళకు కొట్టుకోకుండా చేత్తో తోయబోయాడు. పడవకూ రాయికీ మధ్య కుడి చెయ్యి నలిగింది. బొటనవేలు, చూపుడువేలు తీసేయాల్సి వచ్చింది.

పళ్ళ డాక్టరుకు ఆ రెండు వేళ్ళంటే ఏమిటో ఎవరూ ఎవరికీ వివరించుకోనక్కరలేకపోయింది.

మర్నాటికే రేవంతా తెలిసిపోయింది. డీజిల్ లేదు, ముల్లు సగం చూపించింది, తనిఖీ సంతకం ముల్లక్కది. నిన్నటిదాకా తమ గేజిలు ఆమే చూడాలని పట్టుబట్టినవాళ్ళు ఎదురుపడితే చేతిలో ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు. యజమాని పిలిచి, "కొన్నాళ్ళు బ్యాటరీ షెడ్డులో ఉండు, పడవలెక్కకు" అన్నాడు. ఆమె షెడ్డులో వరసగా పెట్టిన బ్యాటరీల మధ్య కూర్చుని, డిస్టిల్డ్ వాటర్ పోస్తూ, ఒకటే ఆలోచించింది. ఆ వైరు తను వేసింది. అది ఎందుకు అబద్ధం చెప్పింది?

తమ్ముడు ఆ పది రోజులూ షెడ్డు వైపు రాలేదు.

పదకొండో రోజున డాక్టరే వచ్చాడు. చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. దాని చుట్టూ నాలుగు వేళ్ళ మందాన కట్టు. పడవను ఒడ్డుకెక్కించి చెక్క దిమ్మల మీద నిలబెట్టారు, ముక్కు దగ్గర పగులు.

"నాకు ఎందుకైందో తెలియాలమ్మా" అన్నాడు. "వేరేవాళ్ళను పిలిపిస్తామంటున్నారు. నాకు మీరు చూడాలని ఉంది. నా ఎదురుగా చూడండి."

"నన్ను నమ్ముతారా డాక్టరుగారూ?"

"నమ్మను. అందుకే ఎదురుగా అంటున్నాను."

ఆ మాటకు ఆమెకు కోపం రాలేదు. లేచి పెట్టె అందుకుంది.

డాక్టరు మెట్ల మీద కూర్చున్నాడు. ఆమె మొదట ట్యాంకు మూత తీసి కర్ర ముంచింది. కర్ర పొడిగా బయటికొచ్చింది. తాళం తిప్పింది. ముల్లు నింపాదిగా లేచి సగం దగ్గర నిలబడింది. ఇద్దరూ దాన్ని కాసేపు చూశారు.

"ఇప్పుడిది ఎవరు చెప్పే అబద్ధమో చూడాలి" అంది. "గేజి చెబుతోందా, వైరు చెబుతోందా, ట్యాంకులో బెండు చెబుతోందా."

ట్యాంకు దగ్గర గేజి వైరు విప్పి గాలిలో వదిలింది. "ముల్లు ఎక్కడుంది?"

"నిండు దాటిపోయింది."

ఒక పొడుగు వైరు బ్యాటరీ ఎర్త్ వైపు నుంచి లాగి, విప్పిన కొసను దానికి తాకించింది. "ఇప్పుడు?"

"ఖాళీకి పడిపోయింది."

"అయితే గేజిలో దోషం లేదు, దాని వైరులో కూడా లేదు." మీటరు తీసి బెండు రెసిస్టెన్స్ కొలిచింది. పది ఓమ్‌లు. ఖాళీ ట్యాంకుకు ఎంత ఉండాలో అంతే. బెండు కూడా నిజమే చెబుతోంది. మిగిలింది ఎర్త్ వైరు ఒక్కటే. మీటరు ఒక కొస ట్యాంకు ఎర్త్ స్క్రూకు, ఇంకో కొస బ్యాటరీకి. సున్నా రావాలి. ఎనభై వచ్చింది. మీటరు కొసలు తుడిచి మళ్ళీ పెట్టింది. ఎనభయ్యే.

"ఏమిటది?" అన్నాడు డాక్టరు.

"ఒకే ముక్క వైరుకు ఇంత రాదు డాక్టరుగారూ. నేను వేసింది ఒకే ముక్క."

నేల పలకలు ఒక్కొక్కటే ఎత్తింది. డీజిలూ పాత నీళ్ళూ కలిసిన వాసన గుప్పుమంది. టార్చి పళ్ళ మధ్య పట్టుకుని, బోర్లా పడుకుని, వైరు వెంట వేళ్ళు జరుపుకుంటూ పోయింది. కొత్త పంపు పక్కన వేళ్ళకు ఉబ్బెత్తుగా తగిలింది. తను వేసిన వైరును మధ్యలో కోసేశారు. పంపు తాలూకు లావు వైరును దాంతో కలిపి మెలితిప్పారు. మీద ఇళ్ళల్లో వాడే నల్ల టేపు. నీళ్ళు చొరకుండా పడవల్లో వేసే సీలు గొట్టం లేదు, మూత లేదు, మురికినీళ్ళకు బెత్తెడు ఎత్తులో వదిలేశారు.

టేపు విప్పడానికి గోరు పెట్టింది. కొస గోరంత మేర వెనక్కి మడిచి ఉంది.

ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈ లోకంలో ఆ మడత వేసేవాళ్ళు ముగ్గురు. ఒకాయన పోయి పద్నాలుగేళ్ళు. ఈ జాయింటు తను వేయలేదు.

"దొరికిందా?" అన్నాడు డాక్టరు పైనుంచి.

టేపు విప్పింది. లోపల రాగి లేదు, ఆకుపచ్చ చిలుము ఉంది. లావు వైరు ఇంకా పట్టు విడవలేదు, అందుకే పంపు పనిచేస్తూనే వచ్చింది. సన్నటి ఎర్త్ వైరు మాత్రం పిండి పిండి అయి రెండు పోగుల మీద వేలాడుతోంది. దాన్ని కత్తిరించి పైకి తెచ్చి డాక్టరు ఎడమ చేతిలో పెట్టింది.

"ఇదండీ. ఈ చిలుము తన రెసిస్టెన్స్ తను కలుపుతోంది. పాపం ముల్లుకు ఆ తేడా తెలీదు. చిలుమును డీజిల్ అనుకుంది."

డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పుచ్చిపోయిన పన్నును చూసినట్టే చూశాడు. "ఎవరు చేశారిది?"

ఆమె పలకలు సర్దుతూ, "కనుక్కుంటాను" అంది.

మధ్యాహ్నం మేడ మీద అద్దాల గదికి వెళ్ళింది. తమ్ముడు ఫోనులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె టేపు ముక్కను బల్ల మీద పెట్టేసరికి ఫోను పెట్టేశాడు.

"కూర్చో అక్కా."

"కూర్చోవడానికి రాలేదు. ఇది నీదే కదా?"

వాడు ముక్కను ముట్టుకోలేదు. కిటికీలోంచి యార్డు వైపు చూశాడు. "పంపు తొందరగా పెట్టమన్నారు. మంచి కనెక్టర్లు అయిపోయాయి, తెప్పించడానికి వారం అన్నారు. తాత్కాలికంగా వేశాను. పడవ దిగేముందు ఎలాగూ నువ్వు చూస్తావు కదా అనుకున్నాను."

"నువ్వు దగ్గరుండి చూశానన్నావు కదా అని నేను చూడలేదు."

కింద ఎవరో పడవ అడుగు గీకుతున్న చప్పుడు వినిపించింది.

"చూడటం నీ పని అక్కా" అన్నాడు చివరికి, మెల్లగా. "సంతకం నీది."

"అవును. నాదే. ఆ మాట యజమాని ముందు నేనే చెబుతాను. నీ మాట నువ్వు చెప్పు."

"చెప్పి ఏం లాభం? ఆయన వేళ్ళు వస్తాయా? నీకు ఇంకో నాలుగైదేళ్ళ పని. నాకు పిల్లలు ఇంకా బడిలో ఉన్నారు. వైరు పాతబడింది అను, సరిపోతుంది. టేపు మడత సంగతి ఆయనకేం తెలుసు?"

"నాకు తెలుసు కదరా."

వాడు మళ్ళీ ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మరదలు ఫోను చేసి అమ్మకిచ్చింది. అమ్మ కొడుకు దగ్గరే ఉంటోంది. "నువ్వు పెద్దదానివి" అని మొదలుపెట్టింది అమ్మ. పెద్దదానివి అన్న మాట తర్వాత వచ్చేది ఏదీ తనకు అనుకూలంగా ఉండదని ముల్లక్కకు యాభై ఏళ్ళ అనుభవం. "వాడంటే ఏదో తెలిసో తెలియకో చేశాడు. నువ్వు నోరు మూసుకుంటే పోయేదానికి వాడి మీద వేలు చూపిస్తావా? ఒక కడుపున పుట్టారు."

"ఆ డాక్టరు కూడా ఎవరి కడుపునో పుట్టాడమ్మా."

"నీకెప్పుడూ ఎదురు మాటే" అని అమ్మ పెట్టేసింది.

భర్త మిషను ఆపి అంతా విన్నాడు. చాలాసేపటికి, "కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది" అన్నాడు.

"చించుకోకపోతే లోపలే కుళ్ళుతుంది. ఇవాళ చూశాను, ఎలా కుళ్ళుతుందో."

ఆయన మళ్ళీ మిషను తొక్కలేదు. లేచి ఆమె మోకాళ్ళకు వేడినీళ్ళ సంచి తెచ్చిచ్చాడు.

మర్నాడు యజమాని గదిలో నలుగురు కూర్చున్నారు: యజమాని, డాక్టరు, తమ్ముడు, ఆమె. ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. చలికాలంలో వైరు కోసి జాయింటు వేసింది తమ్ముడని చెప్పింది. పలకలెత్తి చూడనిది, కర్ర ముంచనిది తానని చెప్పింది. ముందు తన తప్పు చెప్పాక వాడు తనది చెబుతాడని ఏ మూలో ఆశ ఉంది.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు. "పంపు బిగించినప్పుడు నేనున్న మాట నిజమేనండి. వైరు జాయింటు నేను వేసినట్టు గుర్తులేదు. కరెంటు పనులన్నీ అక్కే చూస్తుంది. టేపు మడతంటే, మా నాన్న సగం యార్డుకు నేర్పాడు."

నాన్న సగం యార్డుకు ఎప్పుడు నేర్పాడని ఆమె అడగలేదు. వాడు ఆమె ముఖంలోకి చూడకుండా, ఆమె భుజం పక్కన గోడకున్న క్యాలెండరును చూస్తూ ఆ మాట అన్నాడు. అంత తొణక్కుండా చెప్పాడంటే ఇది రాత్రంతా అనుకుని వచ్చిన మాటేనని ఆమెకు అర్థమైంది. చిన్నప్పుడు వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడేవి. ఇప్పుడు ఎర్రబడలేదు.

యజమాని రిజిస్టరు తిరగేశాడు. పంపు బిగించిన రోజు పేజీలో "పంపు మార్పిడి" అని ఉంది కానీ ఎవరి పేరూ లేదు, సంతకమూ లేదు. తనిఖీ పేజీలో ఆమె సంతకం ఉంది. "కాగితం మీద ఉన్నదే నేను చూడగలనమ్మా" అన్నాడు. ఆయనకు నిజం తెలిసిందని ఆమెకు తెలుసు. సొంతదారులతో నవ్వుతూ మాట్లాడే మనిషి దొరకడం కష్టం, వైర్లు చూసే మనిషి దొరుకుతాడు, ఆయన లెక్క ఆయనది.

ఆమె డాక్టరు వైపు తిరిగింది. కుళ్ళిన జాయింటును కళ్ళారా చూసినవాడు. ఆయన ఏదైనా అంటాడనుకుంది.

"నాకు పేర్లు అక్కర్లేదమ్మా" అన్నాడు డాక్టరు. అలసిపోయిన గొంతు. "ఎవరు కోశారో, ఎవరు చుట్టారో, అది మీ ఇంటి విషయం. ఆ రోజు మీరు ఒక్క కర్ర ముంచి చూసుంటే సరిపోయేది. అది కూడా నిజమే కదా?"

"నిజమేనండి" అంది ఆమె.

తమ్ముడి మాటకు రాని కన్నీళ్ళు ఆ మాటకు వచ్చాయి. అక్కడ మాత్రం రానివ్వలేదు.

శనివారందాకా ఉండి పెట్టె సర్దుకోమన్నారు. ఆ మూడు రోజులూ ఆమె డాక్టరు పడవలోనే గడిపింది. ఎవరూ చేయమనలేదు, ఎవరూ వద్దనలేదు. కుళ్ళిన వైరు మొత్తం పీకేసి, కొత్తది ఒకే ముక్కగా ట్యాంకు నుంచి బ్యాటరీ దాకా లాగింది. పంపుకు వేరే ఎర్త్ వేసి మురికినీళ్ళకు అందనంత ఎత్తులో బిగించింది. డబ్బాతో కొలిచి కొలిచి డీజిల్ పోస్తూ, పోసిన ప్రతిసారీ కర్ర ముంచి, ముల్లు ఎక్కడుందో రాసుకుంది. పావు పోస్తే పావు, సగం పోస్తే సగం. ఆ కాగితం గేజి కింద అంటించింది. డాక్టరు ఆ పడవను అమ్మకానికి పెట్టాడని శనివారం సాయంత్రం తెలిసింది. అయినా ఫరవాలేదనుకుంది. కొనేవాడికి కూడా వేళ్ళుంటాయి.

తమ్ముడి ఉద్యోగం తమ్ముడికి ఉంది. అయినా అమ్మ మాత్రం, "తమ్ముడి నోటి దగ్గర కూడు తీయబోయావు" అనే మాటను కనిపించిన బంధువులందరికీ చెప్పింది. ఎవరి కూడు పోయిందో అమ్మకు కనిపించలేదు. ముల్లక్క అమ్మను చూడటానికి రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ మరదలు గుమ్మంలోనే నిలబడి, అమ్మ పడుకుందని చెప్పింది. మూడోసారి వెళ్ళలేదు.

భర్త కుట్టుగదిలో ఒక మూల ఖాళీ చేసి బల్ల వేసిచ్చాడు. వీధివాళ్ళు ఫ్యాన్లూ ఇస్త్రీపెట్టెలూ తెచ్చిచ్చేవాళ్ళు. ఆమె బాగుచేసేది. ఇస్త్రీపెట్టెలో వెతకడానికేం ఉంటుంది, వైరు తెగిందంటే తెగింది, లేదంటే లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు సముద్రపు ఉప్పుతో కుస్తీ పట్టిన మనిషికి అది అన్నం కాదు, అటుకులు.

ఒకసారి పన్ను నొప్పితో చెంప వాచిపోయింది. ఊళ్ళో ఇంకో పళ్ళ డాక్టరు లేక కాదు, కాళ్ళు ఆ డాక్టరు ఆసుపత్రికే నడిచాయి. పళ్ళు చూసేది ఇప్పుడొక కొత్త డాక్టరమ్మ. పాత డాక్టరు గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చుని ఎడమచేత్తో వచ్చినవాళ్ళ పేర్లు రాస్తున్నాడు. అక్షరాలు ఒకటో తరగతి పిల్లాడి అక్షరాల్లా ఉన్నాయి. ఆమెను చూశాడు, గుర్తుపట్టాడు.

"ఎటువైపు?" అన్నాడు.

"కుడివైపండి."

"ఎన్నాళ్ళుగా?"

"చాలా రోజులైంది."

"ముందే రావాల్సింది" అని, పేరు అడగకుండానే రాసుకున్నాడు. ఆమె అసలు పేరు రాశాడు. ఆయనకు ఆ పేరు రిజిస్టరులోని సంతకం వల్ల తెలుసని ఆమెకు కుర్చీలో నోరు తెరిచాక తట్టింది.

రెండేళ్ళు గడిచాయి. ఒక ఉదయం ఆమె ఫ్యానుకు కొత్త కెపాసిటరు వేస్తుండగా ఫోను మోగింది. తమ్ముడి నంబరు. ఎత్తింది.

"ఉన్నావా?" అన్నాడు. అక్కా అనలేదు. "పెద్ద పడవొకటి వచ్చింది. రెండు ట్యాంకులు, ఒకటే గేజి. ఏ ట్యాంకుకు తిప్పినా ముల్లు ఖాళీ దగ్గరే పడుంటోంది. నలుగురు చూశారు, దొరకలేదు. మధ్యాహ్నానికి దింపాలి."

ఆమె స్క్రూడ్రైవరు కింద పెట్టింది. వెనక యార్డు చప్పుళ్ళు వినిపిస్తున్నాయి, ఎవరో సుత్తితో కొడుతున్నారు. పెట్టేద్దామనుకుంది. అమ్మెలా ఉందని అడుగుదామనుకుంది. రెండూ చేయలేదు.

"గేజి వెనక వైరు విప్పు" అంది. "గాల్లో వదిలెయ్. ముల్లు ఎటు పోయింది?"

"నిండుకు పోయింది."

"అయితే గేజి మంచిదే. అక్కణ్ణుంచి ట్యాంకుల దాకా ఎక్కడో వైరు ఎర్త్‌కు తగులుతోంది. రెండు ట్యాంకులకూ అంతే అంటున్నావంటే రెంటికీ ఉమ్మడి ముక్కలోనే ఉంది. ట్యాంకులు మార్చే స్విచ్చికీ గేజికీ మధ్య చూడు. ఇంజను గది గోడలోంచి వైరు దూరే కన్నం దగ్గర రబ్బరు వాషరు ఉందా?"

అటు నుంచి మెట్లు దిగిన చప్పుడు, పలక ఎత్తిన చప్పుడు. ఆమె ఫోను చెవికి ఆనించుకుని ఎదురుచూసింది.

"లేదు. వైరు ఒరుసుకుని ఇనుముకు తగులుతోంది."

"అదే. స్విచ్చి నుంచి గేజి దాకా కొత్త ముక్క వెయ్. మధ్యలో జాయింటు పెట్టకు."

"సరే" అని వాడు పెట్టేశాడు.

భర్త గుడ్డ మీంచి తల ఎత్తి, "ఎవరు?" అన్నాడు.

"ఎవరో" అంది ఆమె, స్క్రూడ్రైవరు అందుకుంటూ. "యార్డు నుంచి."